రోగమునకు పేరు, పేరునకు సంకేతము

మనము రోగమును పేరుతో ఎరుగుదుము. ఆసుపత్రి లెక్కలు దానిని సంకేతముతో ఎరుగును. ఈ సంకేతముల వెనుక మూడు శతాబ్దములకు పైబడిన చరిత్ర కలదు.

17వ శతాబ్దమున లండను నగరములో మృతులను చూచి మరణకారణము చెప్పు పని వృద్ధస్త్రీలది. వారికి వైద్యవిద్య లేదు. ఆ పట్టికలను పరిశీలించి 1662లో గ్రంథము వెలువరించిన బట్టల వర్తకుడు జాన్ గ్రాంట్, వారు లంచము పుచ్చుకొని సుఖవ్యాధి మృతులను క్షయ లెక్కలో చేర్చుచున్నారని అనుమానించెను.

1839లో విలియం ఫార్ మరియొక చిక్కును చూపెను: ఒకే రోగమునకు మూడు నాలుగు పేర్లు, ఒకే పేరు పలు రోగములకు! తరువాత జాక్ బెర్టిలాన్ కూర్చిన పట్టికను 1893లో చికాగోలో అంతర్జాతీయ గణాంక సంస్థ ఆమోదించెను. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన ఆరవ సవరణలో మరణకారణములతోపాటు రోగములును చేరినవి. పదకొండవ సవరణ 2022 జనవరి 1న అమలులోనికి వచ్చినది.

పట్టిక కుదిరినంత మాత్రమున పని తీరదు. మరణపత్రమున ‘గుండె ఆగినది’ అని యున్నదనుకొందము. అది ప్రతి మరణమునకును చివరి ఘట్టమే గాని కారణము కాదు. పాము కరచియా? ప్రసవమున రక్తము పోయియా? మరణమునకు దారితీసిన ఆ మూలకారణమునే లెక్కకెక్కించవలెను. కావున సంకేతము వేయువారికి శరీరనిర్మాణము, రోగముల నడక, వైద్యుల పరిభాష తెలియవలెను. సందేహము కలిగినచో వైద్యుని అడుగవలెను, ఊహింపరాదు.

పాముకాటు మందు ఏ జిల్లాకు ఎంత కావలెనో, ప్రసూతి ఆసుపత్రి ఎచ్చట అవసరమో చెప్పునవి ఆ లెక్కలే. అచ్చట పడిన తప్పు ఇచ్చట ప్రాణము మీదికి వచ్చును.