ఒంగోలు ఆవు చూలు లెక్క

ఒంగోలు ఆవు చూలు మోసేది సుమారు 290 రోజులు. అంటే తొమ్మిది నెలలు నిండి ఇంకో ఇరవై రోజులన్నమాట. హోల్‌స్టీన్ వంటి సీమ ఆవు 280 రోజులకే ఈనుతుంది. పది రోజుల తేడా ఏపాటిది అనుకుంటారేమో. దాని విలువ బ్రెజిలు దేశపు రైతులనడగాలి.

మన పశువులు అంత దూరం ఎలా పోయాయంటారా? 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి సాల్వడోరు రేవులో ఆగితే, అందులోని ఒంగోలు జతను అక్కడే అమ్మివేశారు. 1878లో లెంగ్రూబర్ అనే ఆసామి జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో మన పశువులను చూచి, ముచ్చటపడి ఒక జతను బ్రెజిలుకు కొనుక్కుపోయాడు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోది గదా, అందుకే అక్కడ వాటికి నెలోరి అన్న పేరు స్థిరపడింది. 1960 తరువాత కొద్ది యేళ్లలో వెళ్లిన కోడెల్లో పేరు మోసినదాన్ని కర్వాది అన్నారు. మన కరవది గ్రామమే అది. వాళ్లకు నోరు తిరగలేదు.

అక్కడ ఆ ఆవులను ముఖ్యంగా మాంసంకోసం పెంచుతారు. వినడానికి మనకు కష్టమే, కాని లెక్క వినండి. ఆవు యేటేటా ఈనాలంటే 365లో 290 పోగా మిగిలేది 75 రోజులు. ఆలోగా గర్భసంచి సర్దుకోవాలి, ఆవు ఎదకు రావాలి, చూడి నిలవాలి. సీమ ఆవుకైతే 85 రోజుల గడువుంటుంది.

చూలు రోజులు తగ్గించడం మన చేతిలో లేదు. ఈనే గడియను మొదలుపెట్టేది కడుపులోని దూడే. కోడెదూడ అయితే ఒకటి రెండు రోజులు ఎక్కువ, కవలలైతే తక్కువ. గర్భసంచి కూడా నెల, నెలన్నరలో తనంతట తానే సర్దుకుంటుంది. మరి ఎద ఎందుకు ఆలస్యమవుతుందంటే, ఆకలి ఒకటి, దూడ ఒకటి. ఎముకలు తేలి ఈనిన ఆవు ముందు తన ప్రాణం నిలుపుకోవాలి, దూడకు పాలివ్వాలి. ఎద మాట ఆ తరువాతే. తొలిచూలు ఆవైతే తానూ ఇంకా ఎదగాలి గనుక మరీ ఆలస్యం. ఇక దూడ పొద్దస్తమానం వెంటే ఉండి కుడుస్తూంటే, అండం విడుదలకు తల్లి మెదడునుంచి రావలసిన ప్రేరణ తగ్గిపోతుంది. అందుకని బ్రెజిలులో దూడను 48 గంటలు వేరుగా ఉంచే పద్ధతి వాడుకలోకి వచ్చింది. బక్కచిక్కిన ఆవు దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు.

మన ఇళ్లలో దూడను కట్టివేసి, పితికేవేళ చేపడానికి విడవడం ఎలాగూ ఉన్నదే. కాబట్టి మన ఆవు ఎదకు రాలేదంటే ముందు గాడివైపు చూడాలి. తెలకపిండి ఈనిన తరువాత పెడదాంలే అంటారు కొందరు. అప్పుడు పెట్టింది చాలామట్టుకు పాలలోకే పోతుంది. ఒంటికి పట్టేది ఈనడానికి రెండు మూడు నెలల ముందు పెట్టిన మేతే.