ఓవర్ స్పీడ్: ఎప్పుడు చలానా, ఎప్పుడు క్రిమినల్ కేసు?

ఏలూరు నుంచి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి గుండుగొలను దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి తాడేపల్లిగూడెం వైపు, మరొకటి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు. ఏ దారిన వెళ్లినా ఈ తేడా తెలిసుండాలి: పరిమితి దాటితే చలానా, ఎదుటివారి ప్రాణాలను లెక్కచేయకపోతే క్రిమినల్ కేసు.

పరిమితి ఎంత?
2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై గరిష్ఠ వేగం కారుకు గంటకు 100 కి.మీ., బస్సుకు 90, లారీకి, బైక్‌కు 80. హైవే దిగి ఊరి రోడ్డెక్కితే కారుకు 70, మిగతా మూడింటికీ 60. అక్కడి బోర్డుపై ఇంకా తక్కువ ఉంటే అదే పాటించాలి.

చలానా ఎప్పుడు?
కేవలం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 వర్తిస్తుంది. చట్టంలో కారుకు రూ.1,000 నుంచి 2,000, లారీ, బస్సులకు రూ.2,000 నుంచి 4,000 జరిమానా ఉంది. మళ్లీ దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు.

కేసు ఎప్పుడు?
జనం తిరిగే చోట ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నడిపితే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 281 కింద 6 నెలల వరకు జైలు. తీవ్ర గాయమైతే సెక్షన్ 125 కింద 3 ఏళ్ల వరకు, మనిషి చనిపోతే సెక్షన్ 106(1) కింద 5 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. ప్రాణం పోతుందని తెలిసీ నడిపినట్టు రుజువైతే సెక్షన్ 105 కింద 10 ఏళ్ల వరకు.

అయితే ‘చాలా స్పీడుగా వచ్చాడు’ అన్న సాక్ష్యం ఒక్కటే చాలదు. కర్ణాటకకు చెందిన సతీష్ కేసులో 1998లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రోడ్డు, రద్దీ, బ్రేకులు, డ్రైవర్ తీరు... అన్నీ చూశాకే నిర్లక్ష్యం తేలుతుంది.

ఈ రెండూ మరవకండి
ప్రమాదం జరిగితే పారిపోవద్దు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు సమాచారం ఇవ్వడం డ్రైవర్ బాధ్యత. ఇక మైనర్ పిల్లాడికి బైక్ తాళం ఇస్తే, వాడు చేసిన నేరానికి తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడవచ్చు.