ఆటకర్తల అజ్ఞాతవాసం

ప్రతి ఆశ్వాసం చివర గద్యలో కవి తన పేరును, తండ్రి పేరును చెప్పుకోవడం తెలుగు కావ్య సంప్రదాయం. శిలాశాసనాలలో సైతం దాత పేరుతోపాటు చెక్కినవాని పేరు కనిపించడం కద్దు. ఆటలకు, పజిళ్లకు అటువంటి గద్య లేదు. ఆట ఎంతగా వ్యాపిస్తే కర్త అంతగా మరుగున పడతాడు. ఆ ఖాళీని మరొక వ్యక్తి పేరో, ఒక సంస్థ పేరో, ఒక దేశం పేరో ఆక్రమిస్తుంది. లక్షలాది మంది ఆడుకున్న కొన్ని ఆటల చరిత్ర ఇందుకు నిదర్శనం.

పదహారు గళ్ల చట్రంలో పదిహేను అంకెల బిళ్లలను జరుపుతూ వరుసలోకి తెచ్చే పజిల్ 1880లో అమెరికాను, వెనువెంటనే ఐరోపాను ఉర్రూతలూగించింది. దాని సృష్టికర్తను తానేనని ప్రసిద్ధ పజిళ్ల రచయిత సామ్ లాయిడ్ 1891 నుంచి 1911లో మరణించేవరకు చెప్పుకున్నాడు. 14, 15 అంకెలు మాత్రమే తారుమారైన అమరికను సరిచేసినవారికి వెయ్యి డాలర్ల బహుమతిని కూడా ప్రకటించాడు. ఆ బహుమతి ఎవరికీ దక్కే అవకాశం లేదు. బిళ్లల అమరికలు రెండు తెగలుగా విడిపోతాయని, ఒక తెగలోని అమరిక నుంచి రెండవ తెగలోని దానికి ఎన్ని ఎత్తులు వేసినా చేరలేమని జాన్సన్, స్టోరీ అనే గణితజ్ఞులు అంతకుముందే నిరూపించారు. నిజానికి ఈ పజిల్‌ను రూపొందించినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటా అనే ఊరి పోస్టుమాస్టరు నోయెస్ చాప్‌మన్. 1880లో ఆయన చేసుకున్న పేటెంటు దరఖాస్తు తిరస్కరణకు గురైంది. జెర్రీ స్లోకమ్, డిక్ సోనెవెల్డ్ అనే పరిశోధకులు 2006లో వెలువరించిన గ్రంథం చాప్‌మన్‌కు దక్కవలసిన స్థానాన్ని నిలబెట్టింది.

సుడోకు జపాన్‌లో పుట్టిందన్న అభిప్రాయం నేటికీ విస్తృతంగా ఉంది. జపాన్ ఇచ్చినది పేరును మాత్రమే. 1984లో ఈ పజిల్‌ను అక్కడ ప్రచురించిన నికోలి సంస్థకు చెందిన మాకి కాజి, అంకెలు ఒంటరిగానే ఉండాలన్న అర్థం గల పొడవైన జపనీస్ వాక్యాన్ని కుదించి ఆ పేరు పెట్టాడు. అయితే 1979లోనే అమెరికాలోని డెల్ పజిళ్ల పత్రికలో ఇది మరో పేరుతో, రచయిత పేరు లేకుండా వెలువడింది. కర్త ఆచూకీ తీసిన పద్ధతి చరిత్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించేది. ఆ పత్రిక ప్రతి సంచికలోనూ రచయితల జాబితా ఒకటి ఉండేది. పజిళ్ల సంపాదకుడు విల్ షార్ట్జ్ పాత సంచికలను వరుసగా పరిశీలించాడు. ఈ పజిల్ ఉన్న సంచికల జాబితాలో హోవర్డ్ గార్న్స్ అనే పేరు ఉంది; పజిల్ లేని సంచికలలో ఆ పేరు లేదు. గార్న్స్ ఇండియానా రాష్ట్రానికి చెందిన విశ్రాంత వాస్తుశిల్పి. 1989లో ఆయన మరణించాడు. హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసిన వేన్ గూల్డ్ ప్రయత్నంతో 2004 నవంబరు 12న లండన్ టైమ్స్ పత్రిక సుడోకును ప్రచురించి లోకమంతటికీ పరిచయం చేసేనాటికి కర్త లేడు.

కొందరు తమ పేరును తామే దాచి నిలుపుకున్నారు. వీడియో గేములపై వాటిని రాసిన ప్రోగ్రామర్ల పేర్లు వేయకూడదన్నది 1970 దశకంలో అటారీ సంస్థ విధానం. ఆ అసంతృప్తితో బయటికి వచ్చిన నలుగురు ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ సంస్థ స్థాపనలో పాలుపంచుకుని, ఆటలపై కర్తల పేర్లు ప్రకటించే పద్ధతిని తెచ్చారు. అటారీలోనే పనిచేసిన వారెన్ రాబినెట్ మరో దారి ఎంచుకున్నాడు. తాను రాసిన ‘అడ్వెంచర్’ ఆటలో కంటికి ఆనని ఒక బూడిదరంగు చుక్కను పెట్టాడు. దానిని కనిపెట్టి సరైన గోడ వద్దకు చేర్చినవారికి ఒక రహస్య గది తెరుచుకుని, ఆ ఆటను సృష్టించినది వారెన్ రాబినెట్ అన్న వాక్యం కనిపిస్తుంది. 1980లో అమెరికాలోని ఒక బాలుడు సంస్థకు లేఖ రాసేవరకు ఆ సంగతి యాజమాన్యానికి తెలియదు. అప్పటికే రాబినెట్ ఉద్యోగం వదిలి వెళ్లాడు.

‘టెట్రిస్’ విషయంలో కర్త పేరు లోకానికి తెలిసినా హక్కు మాత్రం రాజ్యానిదైంది. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ ఈ ఆటను తయారుచేశాడు. ఆయన వాడిన ఎలెక్ట్రానికా 60 యంత్రానికి బొమ్మలు చూపే శక్తి లేదు. అందువల్ల రాలిపడే ముక్కలను బ్రాకెట్ గుర్తులతో కూర్చాడు. తరువాత దానిని ఐబీఎం కంప్యూటర్‌కు అనువుగా మార్చినవాడు పదహారేళ్ల విద్యార్థి వదీమ్ గెరాసిమోవ్. విదేశీ హక్కుల వ్యవహారం ఎలోర్గ్ అనే ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లింది. 1989లో నింటెండో గేమ్ బాయ్‌తో వెలువడిన టెట్రిస్ మూడున్నర కోట్లకు పైగా ప్రతులు చెల్లినా, పజిత్నోవ్‌కు రాయల్టీలు అందనారంభించినది 1996లోనే. పజిత్నోవ్ పేరు నిలిచింది. గెరాసిమోవ్ పేరు చాలామందికి తెలియదు.

భారతదేశపు ఆటల పరిస్థితి మరొక విధమైనది. పచ్చీసును సరళం చేసి 1896లో ఇంగ్లాండులో లూడోగా పేటెంటు చేశారు. తెలుగువారి వైకుంఠపాళి వంటి సోపానపటాలు పాశ్చాత్య దేశాలకు వెళ్లి, పుణ్యపాపాల పేర్లు రాలిపోగా, కేవలం పాములు నిచ్చెనలుగా మిగిలాయి. వీటికి ఒక కర్త ఉన్నట్లు ఆధారం లేదు; తరతరాల చేతులలో రూపుదిద్దుకున్నవి. కాని ఖాళీని చూసి ఊరుకోలేక, సోపానపటాన్ని 13వ శతాబ్దికి చెందిన జ్ఞానదేవునికి అంటగట్టే ప్రచారం ఉంది. ఇందుకు సమకాలీన సాక్ష్యం లేదు. లాయిడ్ తన కోసం చేసుకున్నదానినే భక్తితో మరొకరి కోసం చేయడం ఇది. ఎరిగిన కర్తను విస్మరించడం ఎంత అన్యాయమో, లేని కర్తను కల్పించడం అంతే అన్యాయం. రెండవదానివల్ల ఆటను పెంచిన అనామక జనసమూహం మరుగున పడుతుంది.

గార్న్స్‌ను చరిత్రకు దక్కించినది ఒక పత్రిక ఏ ప్రత్యేక ఉద్దేశమూ లేకుండా ప్రతి సంచికలో వేసిన పేర్ల పట్టిక. ఆ పాత సంచికలు భద్రంగా ఉండబట్టే విచారణ సాధ్యమైంది. ప్రదర్శనశాలలో ఒక పాత పటాన్ని ఉంచేటప్పుడు అది ఏ ఊరిలో, ఎవరి ఇంట, ఏ సంవత్సరం లభించిందో రాసిపెట్టడం, నేటి కంప్యూటర్ ఆటలను భద్రపరిచేటప్పుడు వాటిని రాసినవారి పేర్లు నమోదు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఆనాడు చాప్‌మన్ విషయంలో అటువంటి శ్రద్ధ చూపి ఉంటే, సత్యం తేలడానికి నూరేళ్లకు పైగా పట్టేది కాదు.