ఆశా భయమూ ఒకే చోట: న్యూక్లియస్ అకంబెన్స్ కణాలపై ఒక పరిశీలన

డోపమైన్‌ను మన పత్రికలు 'ఆనంద రసాయనం' అంటుంటాయి. ఆ పేరుకు మూలం వెతికితే 1954 నాటి ప్రయోగం దగ్గరికి వెళ్తాం. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులోకి సన్నని తీగ దింపి, మీట నొక్కితే అక్కడ కొద్దిపాటి విద్యుత్తు పారేలా అమర్చారు. ఎలుకలు విడవకుండా నొక్కాయి. దాంతో సుఖస్థానం దొరికిందన్న అభిప్రాయం పాతుకుపోయింది, ఆ సుఖాన్ని తర్వాత డోపమైన్‌కు ముడిపెట్టారు. కానీ పదే పదే నొక్కడం కోరికకు గుర్తు. హాయిగా ఉందనడానికి అది చాలదు.

ఈ తేడాను పట్టుకున్నవాడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్. డోపమైన్ నాడులు దాదాపుగా నశించిన ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా ముట్టవు. నోట్లో తీపి ద్రవం వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే చప్పరిస్తాయి. రుచి తెలుస్తూనే ఉంది, కావాలన్న తపనే పోయింది. అటు వోల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతులపై చేసిన పరిశోధనలో, అనుకోకుండా పళ్లరసం దక్కితే డోపమైన్ కణాలు చెలరేగాయి, వస్తుందనుకున్నది రాకపోతే మందగించాయి. ఆశాభంగం వేళ మెదడులోని లాటరల్ హబెన్యులా అనే భాగపు కణాలు వాటిని అణచివేస్తాయని 2007లో మత్సుమోతో, హికోసాకా చూపించారు.

ఇదంతా ఆశ, నిరాశల లెక్క. భయం మాటేమిటి? ఇక్కడే మెదడులోని న్యూక్లియస్ అకంబెన్స్ అనే కేంద్రం నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఎలుకల్లో ఈ కేంద్రంలోని కణాల్లో 95 శాతం దాకా మీడియం స్పైనీ న్యూరాన్లే. ఇవి తమ కింది కేంద్రాలను అదుపులో ఉంచుతాయి. వీటి నోరు నొక్కితే ఆ అదుపు సడలుతుంది. షీలా రెనాల్డ్స్, బెరిడ్జ్ ఈ కేంద్రపు పైపొరలో ఆ కణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ సంకేతాలను అడ్డుకునే మందును సూక్ష్మ మోతాదులో ఎక్కించారు. ముందు భాగంలో ఎక్కిస్తే ఎలుక ఆబగా తింది. వెనుక భాగంలో ఎక్కిస్తే భయంతో ముందు కాళ్లతో పంజరంలోని పొట్టును ఎదుటికి ఎగజిమ్మింది. పామును చూసిన నేల ఉడుతలు మట్టి చిమ్మేదీ ఇలాగే.

2008లో వాళ్లు ప్రచురించిన ఫలితం మరీ విచిత్రం. అలవాటైన, మసక వెలుతురు ఉన్న నిశ్శబ్దమైన చోట తినాలన్న కోరిక పుట్టించే ప్రాంతం విస్తరించింది. కళ్లు జిగేలుమనే దీపాలు, హోరెత్తే రాక్ సంగీతం మధ్య భయం పుట్టించే ప్రాంతం విస్తరించింది. కొన్ని బిందువుల్లో అదే ఎలుక, అదే మందు, పరిసరం మారితే ఆకలి కాస్తా భయమైంది.

ఒక జాగ్రత్త అవసరం. ఒక చుక్క మందు వేల కణాలను తాకుతుంది. కాబట్టి బిందువు స్వభావం మారిందని చెప్పగలమే తప్ప, ఒకే కణం రెండు పనులూ చేసిందని ఈ ప్రయోగాలతో తేల్చలేం. మనిషికి అన్వయించేటప్పుడు మరింత ఆచితూచి మాట్లాడాలి. అయినా ఉద్వేగాలకు విడివిడి గదులున్నాయనే పాత చిత్రం ఇక్కడ నిలవదు.

ఇక డోపమైన్ విషయానికొస్తే, అదే బిందువుల్లో ఆ మందుతో పాటు డోపమైన్ గ్రాహకాలను కూడా మూసేస్తే తినడమూ ఆగింది, భయపడటమూ ఆగింది. భయంలోనూ పాలుపంచుకునే పదార్థాన్ని 'ఆనంద రసాయనం' అనడం విజ్ఞాన రచయితలు ఇక మానుకోవాలి.