బాలింత దగ్గర కూర్చునే మనిషి

తూర్పు గోదావరి జిల్లా కడియం చుట్టుపక్కల పాతకాలంలో తొలి కాన్పంటే పుట్టింట్లోనే. మంత్రసాని పురుడు పోసేది, అమ్మమ్మ కాయం నూరి తినిపించేది, బిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోయడానికి వీధిలోని పెద్దావిడ వచ్చేది. బాలింతను ఒంటరిగా వదలకూడదన్నది గట్టి నియమం. ఆమె ఊరికే ఏడుస్తుంటే మాత్రం గాలి సోకిందని తాయెత్తు కట్టేవారు. ఆడపిల్ల పుడితే దెప్పిపొడుపులూ ఆ గదిలోనే. తోడుకు లోటు లేదు. గోడు వినే మనిషి మాత్రం అందరికీ దొరికేది కాదు.

2005లో జననీ సురక్షా యోజన, ఆశా కార్యకర్తల పథకం, 108 అంబులెన్సు వచ్చాయి. కాన్పులు ఆసుపత్రులకు చేరాయి, ఎందరో తల్లుల ప్రాణాలు నిలిచాయి. మంత్రసాని వృత్తి దాదాపు కనుమరుగైంది. మొక్కల నర్సరీల్లో కూలికి వెళ్లే తల్లికి, కూతురి పక్కన నెలల తరబడి కూర్చునే వీలెక్కడిది?

ఈ లోటు తీర్చే దారి ఒకటి పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెల్లో కనిపించింది. మానసిక వైద్యుడు అతీఫ్ రెహమాన్ బృందం అక్కడి మహిళా ఆరోగ్య కార్యకర్తలకు మాటలతో చేసే వైద్యం నేర్పింది. 2008లో ఫలితాలు వచ్చాయి: కాన్పయిన ఆరు నెలలకు ఆ వైద్యం అందిన తల్లుల్లో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది, అందనివారిలో 53 శాతం మందికి. తర్వాత గోవాలో సంగాత్ సంస్థ ఈ పనిని మామూలు తల్లులకే అప్పగించి, వారిని 'సఖులు' అంది. 280 మందితో చేసిన ఆ పరిశోధన 2019లో వెలువడింది. ఆరు నెలలకు పూర్తిగా కోలుకున్నవారు సఖుల తోడున్న వర్గంలోనే ఎక్కువ. లక్షణాల తీవ్రతలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ ముక్కా చెప్పాల్సిందే.

మంత్రసాని హస్తవాసి ఎలాంటిదో ఊరంతా ఎరిగేది. మరి మాట పనితనం తెలిసేదెలా? గోవాలోనే, కుంగుబాటుకూ తాగుడుకూ సాయం చేసే సామాన్య సలహాదారులతో సంగాత్ ఒక పద్ధతి పరీక్షించింది. సంభాషణలు రికార్డు చేసి, అందరూ కలిసి కూర్చుని విని, సాటివారే మార్కులు వేశారు. ఎదుటి మనిషిని శ్రద్ధగా విన్నారా, నేర్చుకున్న పద్ధతిని వదిలేసి సొంత నీతులు చెప్పారా అని చూశారు. ఆ మార్కులు నిపుణుల మార్కులతో ఓ మోస్తరుగా సరిపోయాయని 2014లో తేలింది. అసలు కీలకం ఇక్కడే ఉంది. మంచి మనసు ఒక్కటే చాలదు, శిక్షణ ఆగితే మాట మళ్లీ ఉత్త ఓదార్పవుతుంది.

గోదావరికి ఆవలి గట్టున, పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 42 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి మానసిక సమస్యలున్నవారిని గుర్తించేలా చేసింది. అది బాలింతల కోసమే పెట్టిన పని కాదు. అయినా మానసిక ఆరోగ్యం పనిలో ఆశాలు పాలుపంచుకోగలరని గోదావరి జిల్లాల్లోనే కనిపించింది. కడియంలోనూ వారికి మాటల వైద్యంలో శిక్షణ, పర్యవేక్షణ, అందుకు తగిన వేతనం ఇవ్వాలి.

అందాకా, కాన్పయ్యాక రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే వైద్యులకు చూపించండి. 14416 టెలీమానస్ నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.