ఊరు దాటిన సొమ్ముపై సుంకం

అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ ఫార్గో 1890 ప్రాంతంలో యూరప్ వెళ్ళాడు. జేబులో పరపతి లేఖ పెట్టుకున్నాడు. ‘ఈయన అడిగితే ఇంతవరకు డబ్బివ్వండి, మేం తీరుస్తాం’ అని బ్యాంకు రాసిచ్చే కాగితమది. మహానగరాల్లో చెల్లింది కానీ, చిన్న ఊళ్ళకు వెళ్ళేసరికి దాని ముఖం చూసినవాడు లేడు. అంత కంపెనీ అధ్యక్షుడికే చేతికి డబ్బు అందకపోతే మామూలువాళ్ళ గతేమిటి? ఇంటికి తిరిగొచ్చి, ఉపాయం ఆలోచించమని మార్సెలస్ బెర్రీ అనే ఉద్యోగికి అప్పజెప్పాడు.

1891లో బెర్రీ తయారుచేసిన ట్రావెలర్స్ చెక్కు చూడడానికి చాలా సాదా కాగితం. కొన్నప్పుడు ఒక సంతకం, మార్చుకునేటప్పుడు డబ్బిచ్చేవాడి కళ్ళెదుట రెండో సంతకం. రెండూ కలిస్తే సొమ్ము చేతికొస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఓ హోటల్ వాళ్ళు తొలి చెక్కుకు డబ్బిచ్చారు. అందరూ ఆ సంతకాల తెలివినే పొగుడుతారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చెక్కు మీది ఇంకో సంగతి. ఇన్ని డాలర్లకు ఇంగ్లండ్‌లో ఇన్ని పౌండ్లు, ఫ్రాన్స్‌లో ఇన్ని ఫ్రాంకులు, జర్మనీలో ఇన్ని మార్కులు అని దానిమీదే అచ్చువేశారు. ఓడ ఎక్కకముందే ప్రయాణికుడికి తన సొమ్ము విలువ తెలిసిపోయేది. కరెన్సీలన్నీ బంగారానికి కట్టుబడి, మారకం రేట్లు కదలని రోజులు కాబట్టి అది సాధ్యమైంది. తర్వాత రేట్లు ఊగిసలాడే కాలం వచ్చింది, ఆ అచ్చు పోయింది. పరదేశంలో డబ్బు తీసుకునేవాడికి అసలు దెబ్బ తగులుతున్నది ఆ ఖాళీ అయిన చోటే.

ఈ వ్యాపారంలో లాభం కంటికి కనిపించేచోట ఉండదు. 1772లోనే లండన్ బ్యాంకరు రాబర్ట్ హెరీస్ యూరప్‌లోని పలు నగరాల్లో చెల్లే నోట్లు అమ్మాడు. ప్రయాణికుడు ముందే కట్టిన సొమ్ము, ఆ నోటు ఎక్కడో మారేదాకా బ్యాంకు దగ్గరే ఉండేది. ఆ వ్యవధిలో దానిమీద వచ్చే వడ్డీయే గిట్టుబాటు. మన షావుకార్లు రాసిచ్చే హుండీ చీటీలకూ వట్టం, అంటే తగ్గింపు, ఉండేది, ఊరిని బట్టి, అదను బట్టి మారేది.

మన దేశంలో చాలాకాలం ఈ రుసుముల బాధే లేదు, ఎందుకంటే నామమాత్రంగా తప్ప చేతికి విదేశీ సొమ్మే ఇచ్చేవారు కాదు. 1960ల చివర్లో, 70ల మొదట్లో గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివి అమెరికా విమానమెక్కిన డాక్టర్లు ఎనిమిది డాలర్లతో దిగామని ఇప్పటికీ చెప్తుంటారు. 2000లో విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) అమల్లోకి వచ్చాక పట్టు సడలింది. 2004లో రిజర్వు బ్యాంకు ఏటా 25 వేల డాలర్ల వరకు పంపుకోవచ్చంది, ఇప్పుడది రెండున్నర లక్షలు.

ఈలోగా చెక్కు స్థానంలోకి యంత్రం వచ్చింది. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన నగదు యంత్రం వెనకున్న జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో. ఆ యంత్రం ఒకసారికి పది పౌండ్లకు మించి ఇచ్చేది కాదు. తర్వాత ఊళ్ళ ఏటీఎంలు, దేశాల ఏటీఎంలు ఒకే వలలోకి చేరాయి. అమెరికాలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు పరాయి కార్డుల మీద యంత్రం యజమాని అదనంగా వసూలు చేయకూడదన్న నిషేధాన్ని 1996 ఏప్రిల్‌లో ఎత్తేశాయి. ఇప్పుడు విదేశంలో మనం చేసే ఒకే విత్‌డ్రాయల్‌కు మూడు కోతలు. యంత్రం యజమానిది ఒకటి, మన బ్యాంకు తీసుకునే విడి రుసుము ఒకటి, మారకం రేటు మీద మన బ్యాంకు కలిపే మార్కప్ ఒకటి. చాలా కార్డులకు ఈ మార్కప్ మూడున్నర శాతం దాకా ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్‌టీ. అంటే 20 వేల రూపాయలకు 826 రూపాయలు అక్కడే పోతాయి.

విడి రుసుముల సంగతి థాయ్‌లాండ్‌లో బాగా తెలుస్తుంది. అక్కడ చాలా బ్యాంకులు విదేశీ కార్డుతో డబ్బు తీసిన ప్రతిసారీ 220 బాత్‌లు తీసుకుంటూ వచ్చాయి. రెండు వేల బాత్‌లు తీస్తే అది 11 శాతం, 20 వేలు తీస్తే ఒక శాతం చిల్లర. రోజుకింత అని తీసుకునే అలవాటు అక్కడ బొత్తిగా పనికిరాదు.

వీటన్నిటికంటే అన్యాయమైనది తెర మీద మర్యాదగా అడిగే ఒక ప్రశ్న. పారిస్‌లో 200 యూరోలు అడిగారనుకోండి. ‘మీ ఖాతా నుంచి రూపాయల్లో ఇంత తీసుకుంటాం, అంగీకరిస్తారా?’ అంటుంది యంత్రం. సొంత డబ్బు లెక్క కనబడగానే మనసు కుదుటపడి, వేలు దానంతటదే ‘అవును’ మీదికి పోతుంది. యూరో వంద రూపాయలు ఉందనుకుంటే, యంత్రం 106 చొప్పున 21,200 అని చూపించవచ్చు. ఆ పై 1,200 మారకం చేసిన సంస్థ పాలు. 1990ల్లో మొదలైన ఈ పద్ధతి మీద కొన్ని బ్యాంకులు మళ్ళీ తమ వంతు ఒక శాతం వేస్తాయి. ‘వద్దు’ అన్నా డబ్బు రాకపోదు. లెక్క యూరోల్లోనే నమోదవుతుంది, రేటు కార్డు నెట్‌వర్క్‌ది పడుతుంది. ‘వద్దు’ మీట చాలాచోట్ల చిన్నగా, మూలన ఉంటుంది, వెతికి నొక్కాలి.

ఐరోపా సమాఖ్య 2020 ఏప్రిల్ నుంచి తన కరెన్సీల లావాదేవీల్లో ఈ అదనాన్ని శాతంగా చూపించి తీరాలంది. మన కార్డుదారుకూ ప్రతి ఏటీఎం తెర మీదా అంత స్పష్టత దక్కాలి. అడగవలసింది మన రిజర్వు బ్యాంకే.

అప్పటిదాకా బయల్దేరే ముందు బ్యాంకును రెండు అంకెలు అడిగి రాసుకోవాలి: విదేశీ విత్‌డ్రాయల్ రుసుము ఎంత, మార్కప్ శాతం ఎంత. మార్కప్ లేని కార్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఫారెక్స్ కార్డులో వెళ్ళే దేశం కరెన్సీనే నింపుకోవాలి. డాలర్లు నింపి యూరోలు తీస్తే మళ్ళీ మారకం ఖర్చు పడుతుంది. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం మాత్రం ప్రాణం మీదికొస్తే తప్ప వద్దు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.