పాత యంత్రం పిలుపుకు జవాబు

అటకమీది పాత రేడియోను దించి, దుమ్ము దులిపి, మీట త్రిప్పితే, ప్రసారం ఉన్నంతవరకు అది పలుకుతుంది. వినడమే దాని పని. నలభై ఏళ్లనాటి కంప్యూటరు సంగతి వేరు. అది టెలిఫోను తీగద్వారా మరొక కంప్యూటరుతో మాట్లాడవలెనంటే, అవతల దాని భాష ఎరిగినది మరొకటి ఉండవలె. అటువంటి జవాబు నేటికీ దొరుకుతున్నది. అది ఎట్లు సాధ్యమైనదో తెలియాలంటే కొంత చరిత్ర చూడవలె.

మంచు తుపానులో పుట్టిన పలక

1978 జనవరిలో అమెరికాలోని షికాగో నగరాన్ని పెద్ద మంచు తుపాను ముంచెత్తినది. జనం ఇల్లు కదలలేని ఆ రోజులలో వార్డ్ క్రిస్టెన్సెన్ అనే కంప్యూటరు నిపుణుడు ఒక పనికి పూనుకొన్నాడు. గోడమీది ప్రకటనల పలకను మనమందరం ఎరుగుదుము. ఒకరు చీటీ గుచ్చిపోతారు. తరువాత వచ్చినవారు చదువుకొంటారు. అటువంటి పలకనే కంప్యూటరులో ఏర్పాటు చేసి, ఎవరి ఇంటినుంచి వారు టెలిఫోను చేసి చదవడానికీ, వ్రాయడానికీ వీలు కల్పించాలని ఆయన సంకల్పం. ఆయన ప్రోగ్రాము వ్రాయగా, మిత్రుడు ర్యాండీ స్యూస్ యంత్రాన్ని అమర్చినాడు. 1978 ఫిబ్రవరి 16న ఆ పలక ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. దీనినే బులెటిన్ బోర్డు అన్నారు. ఉన్నది ఒకే తీగ. కనుక ఒకరు వదలినతరువాతనే మరొకరికి ప్రవేశం. అయినా కొద్ది సంవత్సరాలలోనే ఇటువంటి బోర్డులు అనేక దేశాలలో వెలసినవి.

సంచిలో పట్టే కంప్యూటరు

ఇదే కాలంలో కంప్యూటరు బల్ల దిగి చేతికి వచ్చినది. 1981లో వెలువడిన ఆస్‌బోర్న్-1 అనే యంత్రం బరువు సుమారు 11 కిలోలు. దానిని మోయడమంటే కుట్టుమిషనును మోయడమే. దాని సృష్టికర్త ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యం తమిళనాడులో గడచినది. 2003లో ఆయన కన్నుమూసినది కూడా అక్కడి కొడైకెనాల్‌లోనే.

1983లో టి.ఆర్.ఎస్-80 మోడల్ 100 వచ్చినది. జపానులోని క్యోసెరా సంస్థ తయారుచేయగా, అమెరికాలో రేడియో షాక్ దుకాణాలు అమ్మినవి. దాని కైవారం ఒక పెద్ద నోటు పుస్తకమంత. నాలుగు పెన్సిల్ సెల్లతో సుమారు 20 గంటలు పనిచేస్తుంది. తెరమీద వరుసకు 40 అక్షరాల చొప్పున 8 వరుసలు పడతాయి. అన్నిటికంటె ముఖ్యం, మోడెమ్ దాని కడుపులోనే ఉన్నది. పత్రికా విలేకరులు దీనిని వెంట తీసికొనిపోయి, వార్తను వ్రాసిన చోటినుంచే ఫోనుద్వారా కార్యాలయానికి పంపేవారు.

అక్షరం ఈలగా మారుట

టెలిఫోను తీగ మనిషి గొంతు మోయడానికి ఏర్పడినది. కంప్యూటరుకు తెలిసినవి 0, 1 అనే రెండు గుర్తులే. ఈ రెంటికీ నడుమ దుబాసీ మోడెమ్. పిలిచే యంత్రం 1 అనడానికి సెకండుకు 1270 కంపనాలు గల ఈల వేస్తుంది; 0 అనడానికి 1070. జవాబిచ్చే యంత్రం 2225, 2025 కంపనాలను వాడుతుంది. ఇద్దరి స్వరాలు వేరు కనుక ఒకేసారి మాట్లాడినా కలిసిపోవు. బెల్ టెలిఫోను సంస్థ మోడెమ్‌తో వచ్చిన ఈ ఒప్పందాన్నే మోడల్ 100 కూడా పాటించినది.

ఈ పద్ధతిలో సెకండుకు 300 గుర్తులు పోతాయి. ఆద్యంతాలు తెలిపే గుర్తులతో కలిపి అక్షరానికి 10 కావలె. అనగా సెకండుకు 30 అక్షరాలు. మోడల్ 100 తెర నిండడానికి సుమారు 11 సెకండ్లు పడుతుంది.

నేటి చిక్కులు

నేడు ఫోను మాటలు చాలావరకు ముక్కలుగా విడివడి ఇంటర్నెట్టుమీదుగా పోతున్నవి. సాధారణంగా ఒక్కొక్క ముక్కలో సెకండులో యాభయ్యవ వంతు శబ్దం ఉంటుంది. ఒక ముక్క జారిపోయినా మన చెవి గమనించదు. కాని ఆ కాలంలో మోడెమ్ 6 గుర్తులు పంపుతుంది. అవి పోతే అక్షరం చెడిపోతుంది. విచిత్రమేమనగా, తరువాత వచ్చిన వేగవంతమైన మోడెములకు ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. నిదానంగా ఈలవేసే పాతదే కొంత తట్టుకొంటుంది.

ఇప్పటికీ కొన్ని బోర్డులు టెలిఫోను తీగను నిలుపుకొన్నవి. ఎక్కువ బోర్డులు మాత్రం ఇంటర్నెట్టుకు తరలిపోయినవి. వాటిని చేరడానికి అభిమానులు ఒక ఉపాయం పన్నినారు. ఇ.ఎస్.పి-8266 అనే చిన్న చిప్ ఇంటిలోని వైఫైతో మాట్లాడగలదు. దానికి హేస్ సంస్థ 1981లో తన మోడెముకు నేర్పిన ఆజ్ఞలనే నేర్పినారు. పాత కంప్యూటరు వెనుకటివలెనే “ఫోను కలుపు” అంటుంది. నంబరుకు బదులు బోర్డు ఇంటర్నెట్టు పేరు చెబితే చాలు. చిప్ ఆ బోర్డును చేరి “కలిసినది” అని బదులిస్తుంది. అసలు టెలిఫోనే లేదని పాత యంత్రానికి తెలియదు. జాగ్రత్త ఒక్కటే. చిప్ పనిచేసేది 3.3 వోల్టులతో, పాత యంత్రం తీగలో అంతకుమించిన ధన, ఋణ వోల్టులు రావచ్చు. నడుమ వోల్టులు మార్చే సాధనం లేకపోతే చిప్ కాలిపోతుంది.

ఇంకొక చిక్కు, ఎక్కువ బోర్డులు వరుసకు 80 అక్షరాలతో, రంగులతో తయారైనవి. 40 అక్షరాల తెరమీద అవి చెదరిపోతాయి. రంగులు మాని ఉత్త అక్షరాలే పంపమని కోరే వీలున్న బోర్డును ఎంచుకొనవలె.

మనకు పాఠం

అమెరికాలో ఏ.ఓ.ఎల్ సంస్థ 2025 సెప్టెంబరు 30న టెలిఫోను తీగమీది ఇంటర్నెట్టు సేవను నిలిపివేసినది. అనేక దేశాలలో రాగి తీగలను తొలగిస్తున్నారు. అయినా మోడల్ 100 మూగపోలేదు. ఈలల లెక్క, అక్షరాల లెక్క, ఆజ్ఞల లెక్క అన్నీ అందరికీ తెలిసినవి కావడమే కారణం. తెలిసినవారు తీగ లేని చోట కూడా జవాబును కల్పించినారు.

ఇది తెలుగువారికి దూరపు సంగతి కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరాలకు అందరూ ఒప్పుకొన్న సంఖ్యలను ఇచ్చినది. అంతకుముందూ, ఆ తరువాత చాలాకాలమూ, మన పుస్తకాలను ఎవరి ఫాంటులో వారు, ఎవరి సంఖ్యలతో వారు కూర్చినారు. ఆ ఫైళ్లను నేడు తెరిస్తే, ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులు కనిపిస్తవి. యంత్రం బాగానే ఉన్నది, ఫైలు చెక్కుచెదరలేదు, కాని చదివే తాళంచెవి పోయినది. పాతబడినంతమాత్రాన యంత్రం మూగపోదు. దాని భాష వ్రాసిపెట్టినవారు లేనప్పుడే మూగపోతుంది. ఆ పాత ఫాంటుల సంఖ్యల పట్టికలు ఎవరి బీరువాలలోనైనా మిగిలి ఉంటే, వాటిని వెలికితీసి భద్రపరచవలసిన సమయం ఇదే.